ఎండకు పోయిన మనిషిని ఎండకే పోయాడని రాయండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం. నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ బడుల్లో సైన్సు చెప్పి రిటైరైన టీచర్ని. మాది సింగరాయకొండ దగ్గర, సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. మా అక్కను పడమటి మెట్టకు, పొదిలి అవతల ఒక పల్లెకు ఇచ్చారు. పోయిన ఏడాది మే నెలాఖరులో, రోహిణి కార్తె వచ్చిన మూడో రోజున, ఆ పల్లెలో మా బావ ఎండదెబ్బకు చనిపోయాడు. ఆ చావును ఎండదెబ్బ చావుగా నమోదు చేయమని మూడు సోమవారాలు గ్రీవెన్స్‌లో అర్జీలు ఇచ్చాం. మూడు రసీదులు వచ్చాయి. జవాబు ఒక్కటీ రాలేదు. ఏ ఆఫీసులో ఎవరు ఏమన్నారో ఇక్కడ రాయను, ఒకరి మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. కానీ ఇంకో ఎండాకాలం తలుపు తడుతోంది, నోరు మూసుకుని కూర్చోలేక అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను.

మా బావకు 58 ఏళ్లు. బీపీ, షుగర్ లేవు. ఆ రోజు పొద్దున ఆరింటికి చెరువు పూడిక తీసే ఉపాధి పనికి పోయాడు. పది దాటేసరికి పని అయిపోయింది. కానీ పనిచోట యాప్‌లో తీసే రెండో ఫొటో పడితేగాని హాజరు పడదు. నీడ లేని చెరువులో దానికోసం కూర్చుని, పదకొండున్నరకు ఇంటికి వచ్చాడు. ఇల్లంటే ఒక గది, పైన సిమెంటు రేకులు. కరెంటు లేదు. రెండు చెంబుల నీళ్లు తాగి నడుం వాల్చాడు. ఒంటిగంటన్నరకు మా అక్క ఫోన్ చేసింది.

"ఒరే అబ్బాయా, మీ బావ ఏందేందో మాట్లాడతన్నాడు. ఒళ్లు కాలిపోతంది. చెమట చుక్క కూడా లేదు."

నీళ్లు పోసి ఒళ్లంతా తడపమని, తడిగుడ్డ కప్పి విసరమని చెప్పాను. అప్పటికే ఊళ్లో ప్రాక్టీసు చేసే అతను వచ్చి జ్వరమని ఇంజెక్షన్ చేసి సెలైన్ ఎక్కిస్తున్నాడు. సెలైన్ ఉన్నప్పుడు నీళ్లు పోయకూడదని చుట్టుపక్కల వాళ్లు అడ్డం పడ్డారు. మూడింటికి ఆటో ఎక్కించారు. ఆస్పత్రి చేరేలోపే దారిలో ప్రాణం పోయింది. ఆ ఎండలో శవాన్ని ఉంచలేక చీకటి పడేలోపే కార్యం చేశారు. కాగితం మీద మాత్రం 'గుండె ఆగి' అని ఉంది. గుండె ఆగకుండా ఎవరు చనిపోతారు?

ఎండదెబ్బ చావును నిర్ధారించడానికి తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్ఐ ముగ్గురూ కలిసి విచారించాలి. పోస్టుమార్టం రిపోర్టు ఉందా అని అడిగారు. లేదన్నాం. అక్కడితో ఆ ఫైలు ఆగిపోయింది. పరిహారంగా వచ్చే డబ్బుల కోసం తిరుగుతున్నారని ఒకాయన మా అక్క ముఖం మీదే అన్నాడు. ఆ మాట ఆమె ఇంకా మర్చిపోలేదు.

ఇప్పుడు ఇంకో సంగతి. మా అమ్మాయి ఇంగ్లండ్‌లో నర్సు. 2022 జులై 19న అక్కడ లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీ అనే చోట 40.3 డిగ్రీలు నమోదైంది. ఆ దేశంలో ఉష్ణోగ్రత 40 దాటడం అదే మొదటిసారి. ఎండకు రెడ్ వార్నింగ్ ఇవ్వడమూ అదే మొదటిసారి. ఆ రాత్రి మా అమ్మాయి ఫోన్ చేసి, "వార్డులో ఏసీ లేదు నాన్నా, కిటికీలు సగమే తెరుచుకుంటాయి, ముసలివాళ్లని తడిగుడ్డలతో తుడుస్తూ నిలబడ్డాం" అని చెప్పింది. మనకు 40 అంటే మామూలే కదమ్మా అన్నాను. తను అడిగిన మాట అప్పుడు నాకు పట్టలేదు. "మన ఊళ్లో ఎండకి ఎంతమంది పోయారో నీకు తెలుసా నాన్నా? ఇక్కడ ఈ రెండు రోజుల్లో ఎంతమంది పోయారో వీళ్లకి తెలుస్తుంది."

నిజంగానే వాళ్లకు తెలిసింది. 2022 వేసవిలో ఇంగ్లండ్‌లో ఐదు విడతలుగా వచ్చిన వడగాడ్పులకు సుమారు 3 వేల మంది అదనంగా చనిపోయారని వాళ్ల ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది. వాళ్లేమీ 3 వేల శవాలకు పోస్టుమార్టం చేయలేదు. అక్కడా సర్టిఫికెట్ల మీద గుండెపోటనీ, ఊపిరితిత్తుల జబ్బనీ రాస్తారు. వాళ్లు చేసిందల్లా మామూలుగా ఆ రోజుల్లో ఎంతమంది చనిపోతారు, ఈసారి ఎంతమంది చనిపోయారు అని మరణాల రిజిస్టర్లు దగ్గర పెట్టుకుని తేడా తీయడం. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఇస్తే చేసే తీసివేత. మన పంచాయతీల్లోనూ జనన మరణాల రిజిస్టర్లు ఉన్నాయి. ఆ తీసివేత ఇక్కడ ఎవరూ చేయలేదు.

చలిదేశాల సంగతి మనకెందుకు అని మీరు అనుకోవచ్చు. ఎందుకంటే వాతావరణం మారితే ఏమవుతుందో వాళ్ల దగ్గర కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. ఆ దేశాల్లో ఇళ్లు లోపలి వేడి బయటికి పోకుండా కట్టుకున్నవి. బ్రిటన్‌లో రైలు పట్టాలను 27 డిగ్రీల వేడిని లెక్కలో పెట్టుకుని బిగిస్తారు. ఎండలో పట్టా వేడి గాలి వేడికన్నా 20 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అందుకే ఆ రెండు రోజులు రైళ్లు ఆపేశారు, నడిచినవి నత్తనడకన నడిచాయి. లూటన్ విమానాశ్రయంలో రన్‌వే ఉబ్బి విమానాలు ఆగిపోయాయి. లండన్ శివార్లలోని వెనింగ్టన్ అనే ఊళ్లో గడ్డి అంటుకుని ఇళ్లు కాలిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్ అగ్నిమాపక దళానికి అంత పని ఎప్పుడూ పడలేదట. ఫ్రాన్స్‌లో నదుల నీళ్లు వేడెక్కి అణు విద్యుత్ కేంద్రాల్లో ఉత్పత్తి తగ్గించుకున్నారు. జర్మనీలో రైన్ నదిలో నీరు తగ్గి సరుకు పడవలు సగం కూడా నింపుకోలేకపోయాయి. పాత వాతావరణానికి సరిపోయేలా కట్టుకున్నవన్నీ కొత్త వాతావరణంలో ఒక్కొక్కటిగా తేలిపోయాయి.

మనవీ పాత వాతావరణానికి కట్టుకున్నవే. ఆ మాటకొస్తే పాతవి కొంత నయం. మా చిన్నప్పుడు మట్టి గోడలు, బోద కప్పిన కొట్టం. రోళ్లు పగిలే ఎండలో కూడా లోపల పిల్లలు నిద్రపోయేవాళ్లు. ఇప్పుడు రేకులు. లేదంటే కాలనీలో చెట్టు లేని చోట ఒక గది స్లాబు. రేకు సాయంత్రానికి చల్లబడుతుంది. స్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా కక్కుతుంది. రాత్రి చల్లబడితేనే ఒళ్లు కోలుకుంటుంది. రాత్రీ వేడే అయితే మర్నాటి ఎండను ఆ మనిషి సగం బలంతో ఎదుర్కోవాలి. వరసగా మూడు నాలుగు రోజులు అలా గడిస్తే ముసలివాళ్లు కూలిపోతారు.

2003 ఆగస్టులో ఐరోపాలో వచ్చిన వడగాడ్పులకు సుమారు 70 వేల మంది చనిపోయారు. ఒక్క ఫ్రాన్స్‌లోనే సుమారు 15 వేలు. అది సెలవుల నెల. పిల్లలు ఊళ్లకు పోయారు, ముసలివాళ్లు పైఅంతస్తుల గదుల్లో ఒంటరిగా ఉన్నారు. శవాలు ఉంచడానికి చోటు చాలక పారిస్ దగ్గర రంజిస్ మార్కెట్‌లో కూరగాయలు, మాంసం నిలవ చేసే చల్లని గోదాముల్లో పెట్టారు. ఎవరూ రాని 57 మందిని తియే శ్మశానంలో పూడ్చినప్పుడు దేశాధ్యక్షుడు జాక్ షిరాక్ స్వయంగా వెళ్లి నిలబడ్డారు. మరుసటి ఏడాది, 2004లో, వడగాడ్పుల ప్రణాళిక వచ్చింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల, వికలాంగుల పేర్లు ప్రతి ఊరి మేయర్ దగ్గర ఉండాలి. హెచ్చరిక వచ్చిన రోజు వాళ్లకు ఫోన్ చేయాలి, తలుపు తట్టాలి. 2006లో మళ్లీ వడగాడ్పులు వచ్చినప్పుడు చనిపోతారని అంచనా వేసిన వాళ్లకన్నా సుమారు 4,400 మంది తక్కువ చనిపోయారు. ఆ వేల ప్రాణాలు నిలబడటంలో తలుపు తట్టడానికీ వాటా ఉంది.

మనకు అదే 2003లో ఏం జరిగింది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు 3 వేల మందికి పైగా చనిపోయారు. 2015 మేలో విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా. ఆ ఏడు ఎక్కువ మరణాలు నమోదైన జిల్లాల్లో మా ప్రకాశం ఒకటి. ఇవన్నీ కాగితానికి ఎక్కిన చావులు మాత్రమే. మా బావ లాంటివాళ్లు ఆ లెక్కలో లేరు. అంత జరిగినా మన దగ్గర ఏ ముసలమ్మ తలుపూ ఎవరూ తట్టలేదు.

ఆ తలుపు తట్టే మాట మీద ఇంకొంచెం చెప్పాలి, నా మనసులో అదే ఎక్కువ మెదులుతోంది. కనిగిరి, మార్కాపురం, దర్శి వైపు పల్లెలకు ఎండాకాలంలో ఒకసారి వెళ్లి చూడండి. పనులు లేక పడుచువాళ్లంతా హైదరాబాదో, బెంగళూరో పోయి ఉంటారు. వీధికి నాలుగు ఇళ్లకు తాళాలు. మిగిలిన ఇళ్లలో ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన చిన్నపిల్లలు. ఇట్లా మిగిలినవాళ్లను ఎండ ఏం చేస్తుందో కెనడాలో చూశారు. అక్కడ పశ్చిమాన ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2021 జూన్‌లో లిటన్ అనే ఊళ్లో 49.6 డిగ్రీలు వచ్చింది, మర్నాడు ఆ ఊరే తగలబడింది. ఆ రాష్ట్రంలో ఆ వారంలో ఎండకు చనిపోయిన 619 మంది వివరాలు ఒక్కొక్కటీ తీసి చూస్తే, దాదాపు అందరూ చనిపోయింది బయట ఎండలో కాదు, ఇంటి లోపల. సగానికి పైగా ఒంటరిగా బతుకుతున్నవాళ్లు. ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్లు. మన పోస్టర్ల మీద 'మధ్యాహ్నం బయటికి రాకండి' అని రాస్తారు. రేకుల కింద ఒంటరిగా ఉన్న ముసలమ్మకు ఆ సలహా ఎట్లా పనికొస్తుంది? ఆమె బయటికి రాలేదు కాబట్టే చనిపోతుంది.

తీరం సంగతి వేరు. ఒంగోలు, కావలి, నెల్లూరులో అంకె తక్కువే కనబడుతుంది. పొదిలిలో 43 ఉంటే మా దగ్గర 38. కానీ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, కారినంత మాత్రాన చల్లబడదు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే బతికిపోతాం. పడమటి గాలి బలంగా కొట్టిన రోజు సముద్రపు గాలి ఒడ్డు దాటి రాదు. ఆ రోజు ఉప్పు కొటార్లలో పని చేసేవాళ్లను, చీమకుర్తి నల్లరాయి క్వారీలో కూలీలను, ఎర్రటి ఎండలో వలలు బాగుచేసుకునే వాళ్లను చూస్తే అంకె ఎంతో అడగాలనిపించదు. మైదానంలో 40, తీరంలో 37 దాటితే వడగాడ్పు కింద లెక్కలోకి తీసుకోవడానికి వాతావరణ శాఖకు కొలత ఉంది. ఆ కొలతలో తేమ లేదు, రాత్రి వేడి లేదు.

రొయ్యల రైతుల బాధ కూడా ఇందులో భాగమే. నీళ్లు ఎంత వేడెక్కితే అందులో ఆక్సిజన్ అంత తక్కువ నిలుస్తుంది. గాలి ఆడని రాత్రి, తెల్లవారుజామున మూడు నాలుగింటికి డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరగాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది, ఊరంతా కూలర్లు వేసుకుని ఉంటుంది కాబట్టి. డీజిల్ జనరేటర్ పెట్టుకోగలిగినవాడు నిలబడతాడు. ఎకరం, రెండెకరాల గుంట కౌలుకు తీసుకున్నవాడు ఒక్క రాత్రిలో అప్పుల్లో మునుగుతాడు. ఆ మర్నాడు ఆ గుంట మీద కూలికి పోయే ఆడవాళ్లకూ పని ఉండదు.

ఎండ ఒక్కటే కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, ఆ తేమంతా ఒకేసారి కుమ్మరిస్తుంది. 2021 నవంబరులో కడప జిల్లాలో అన్నమయ్య డ్యామ్ కొట్టుకుపోయి, సోమశిల నిండి, పెన్న పొంగినప్పుడు నెల్లూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. ఆ రోజుల్లో మీ సిబ్బంది పడవలేసుకుని తిరిగారు, రాత్రంతా మేలుకున్నారు. ఆ పని మేం మర్చిపోలేదు. తుపానుకు కదిలిన యంత్రాంగం ఎండకు ఎందుకు కదలదు? తుపాను టీవీలో కనబడుతుంది, ఎండ చావు కనబడదు. ఇంకో కారణం కూడా ఉంది. 15వ ఆర్థిక సంఘం కాలానికి (2021-26) విపత్తు సాయం కోసం కేంద్రం గుర్తించిన 12 విపత్తుల జాబితాలో చలిగాలికి చోటు దొరికింది, వడగాలికి దొరకలేదు. మన దేశంలో!

చెయ్యాలనుకుంటే దారి లేకపోలేదు. 2010 మేలో అహ్మదాబాద్‌లో 46.8 డిగ్రీలు వచ్చింది. ఆ నెలలో మామూలు కన్నా 1,344 మంది ఎక్కువ చనిపోయారని రిజిస్టర్లు చూసి తేల్చారు. ఆ అంకె చేతికి వచ్చాక 2013లో దేశంలోనే మొదటి వడగాడ్పుల ప్రణాళిక అక్కడ మొదలైంది. అంకె ముందు వచ్చింది, పని తర్వాత వచ్చింది. మేం అడుగుతున్న వాటిలో మొదటిది అందుకే అది.

1. చావుల లెక్క. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రెండు జిల్లాల్లో మండలాల వారీగా అన్ని కారణాల మరణాలూ తీసి, వెనకటి ఐదేళ్ల అవే నెలల సగటుతో పోల్చి, వారం వారం ప్రకటించండి. రిజిస్టర్లు మీ దగ్గరే ఉన్నాయి, కొత్త ఖర్చు లేదు. ఎండదెబ్బ అనుమానం ఉన్న ప్రతి చావుకూ ముగ్గురి కమిటీ 24 గంటల్లో ఊరికి రావాలి. కుటుంబం కమిటీ చుట్టూ తిరగకూడదు, కమిటీయే ఇంటికి రావాలి. పోస్టుమార్టం లేదని అర్జీ పక్కన పెట్టకండి. ఆ రోజు ఆ మండలంలో ఉష్ణోగ్రత ఎంత, మనిషి ఎక్కడ పనిచేశాడు, చనిపోయే ముందు ఒళ్లు కాలిందా, మాట తడబడిందా అని విచారించి వైద్యాధికారి నిర్ణయం రాయవచ్చు. పోయిన ఏడాది తోసేసిన అర్జీలన్నీ తిరిగి తెరవండి. తెలంగాణ 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయిన కుటుంబానికి 4 లక్షల సాయం అంది. మన రెండు జిల్లాల కుటుంబాలకు అంతకన్నా తక్కువ రాకుండా చూడండి. డబ్బుల కోసం తిరుగుతున్నారని ఇంకే ఆడమనిషినీ అనకుండా మీ సిబ్బందికి చెప్పండి.

2. పని వేళలు. హెచ్చరిక ఉన్న రోజుల్లో పదకొండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పని ఆపించాలి. ఉపాధి పనికి, ఇటుక బట్టీలకు, క్వారీలకు, రోడ్డు కాంట్రాక్టర్లకు, ఉప్పు కొటార్లకు ఒకటే రూలు. కూలి కోయకూడదు. కూలి కోస్తే ఎవరూ నీడలో కూర్చోరు, ఆకలి ఎండకన్నా ముందు గుర్తొస్తుంది. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించడం నిషేధం. మన జిల్లాల నుంచి అక్కడికి పోయిన మేస్త్రీలను అడగండి, చెప్తారు. ఇక రెండో ఫొటో. పని పూర్తయిన మనిషిని ఫొటో కోసం ఎండలో కూర్చోబెట్టే పద్ధతి ఆ మూడు నెలలు ఆపండి, లేదా ఆ ఫొటో పది లోపే తీసుకోండి. అది మీ చేతిలో లేకపోతే పై అధికారులకు రాసి, ఆ రాసిన కాగితం మాకు చూపించండి. ఉపాధి కూలీలకు ఒకప్పుడు వేసవిలో ఇచ్చిన అదనపు భత్యం తిరిగి ఇప్పించండి.

3. తలుపు తట్టడం. ఒంటరి ముసలివాళ్లు, మంచాన పడ్డవాళ్లు, బాలింతల పేర్లు ప్రతి గ్రామ సచివాలయంలో మార్చి లోపు రాయాలి. పింఛన్ల జాబితా ఉండనే ఉంది, అందులోంచి తీయడం ఒక రోజు పని. హెచ్చరిక వచ్చిన రోజు మధ్యాహ్నం ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లాలి. ఈ బరువంతా ఆశా కార్యకర్తల మీద పడేయవద్దు, వాళ్లూ అదే ఎండలో తిరుగుతారు. డ్వాక్రా సంఘాల నుంచి వీధికి ఒకరికి రోజుకు ఇంత అని ఇచ్చి పెట్టండి. స్లాబు ఎత్తుగా ఉండి చెట్ల నీడ ఉన్న బడి ఊరికి ఒకటైనా ఉంటుంది. ఎండాకాలం సెలవుల్లో దానికి తాళం వేసి ఉంటుంది. అది తెరిచి ఫ్యాన్లు, మంచాలు, కుండలు పెట్టండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఊరందరికీ తెలియాలి.

4. వైద్యం. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ ఉంటే అది జ్వరం కాదు, పారాసిటమాల్‌కు తగ్గదు. మనిషిని వెంటనే నీళ్లలో తడిపి, గాలి కొట్టి, మంచు పెట్టి చల్లబరచాలి. ఆస్పత్రికి బయలుదేరే ముందే, దారిలో కూడా. ఈ ఒక్క సంగతి ప్రతి ఊళ్లో తెలియాలి. ఊళ్లో వైద్యం చేసే వాళ్లకు, ఆటో డ్రైవర్లకు, ఉపాధి మేట్లకు ఒక పూట శిక్షణ ఇవ్వండి. ప్రతి పీహెచ్‌సీలో మంచు పెట్టె, ఇన్వర్టర్ మీద నడిచే ఫ్యాను, ఒక టబ్బు ఉంచండి. ఈ మూడూ ఆ రోజు దగ్గర్లో ఉంటే మా బావ బతికేవాడని నా నమ్మకం.

5. ఇంటి పైకప్పు. రేకుల ఇళ్లకు, కాలనీ స్లాబులకు వేసవికి ముందే తెల్ల సున్నం కొట్టించండి. ఖర్చు తక్కువ, లోపల తేడా చేతికి తెలుస్తుంది. తెలంగాణ 2023లోనే చల్లని కప్పుల విధానం తెచ్చింది. కొత్త కాలనీకి ప్లాన్ ఇచ్చేటప్పుడు ఇంటికి రెండు చెట్లకు చోటు వదలండి. నరికిన చోట ఒక వేప మొక్కన్నా పెట్టండి.

6. నీళ్లు, కరెంటు. ఒంగోలుకు సాగర్ కాలువ నీళ్లతో నింపిన చెరువులే ఎండాకాలం ఆధారం. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. దాహం వేసి నాలుగు చెంబులు ఎక్కువ తాగితే ఆ విషమూ ఎక్కువ పోతుంది లోపలికి. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఒక తరం ఎదురుచూస్తూనే పెద్దదైంది. అది వచ్చేదాకా ట్యాంకరు ఏ ఊరికి ఏ రోజు వస్తుందో ముందే బోర్డు మీద రాయండి. హెచ్చరిక ఉన్న రోజుల్లో మధ్యాహ్నం, అర్ధరాత్రి దాటాక పల్లెలకు కరెంటు కోత పెట్టకండి. తెల్లవారుజామున రొయ్యల గుంటల లైన్లు అసలే తీయకండి.

7. హెచ్చరిక. మీరు పంపే మెసేజ్ స్మార్ట్ ఫోన్ ఉన్నవాళ్లకు చేరుతోంది. మా అక్క చేతిలో బటన్ ఫోన్ ఉంది, ఆమెకు చదవడం రాదు. గుడి మైకులో, మసీదు మైకులో, చర్చి మైకులో ముందు రోజు సాయంత్రమే చెప్పించండి. తీరప్రాంత మండలాలకు తేమను, రాత్రి వేడిని కూడా లెక్కలో పెట్టి హెచ్చరిక ఇవ్వమని వాతావరణ శాఖను కోరండి.

ఈ వేడికి మనం చేసిన పాపం తక్కువ. రెండు వందల ఏళ్లుగా బొగ్గు కాల్చిన దేశాల వాటా ఎక్కువ. ఆ న్యాయం ప్రపంచ సభల్లో అడగాల్సిందే, అడిగేవాళ్లు గట్టిగా అడగాలి. కానీ ఆ జవాబు వచ్చేదాకా చెరువులో తట్ట మోసే మనిషి ఆగలేడు. బ్రిటన్‌లో 40 డిగ్రీలు దాటే అవకాశం 1960ల నాటికన్నా ఇప్పుడు ఇరవై రెట్లకు పైగా పెరిగిందని వాళ్ల వాతావరణ శాఖ చెబుతోంది. చలిదేశమే అట్లా అయితే మన రోహిణి కార్తె మనల్ని ఏం చేయబోతోందో మీరు ఆలోచించాలి.

ఈ ఏడు అంశాల మీద మార్చి నెలాఖరు లోపు రెండు జిల్లాల్లో రైతు సంఘాలు, కూలీ సంఘాలు, డాక్టర్లు, టీచర్లతో ఒక సమావేశం పెట్టండి. ఏది ఎప్పటికి చేస్తారో, ఏది చేయలేరో రాతపూర్వకంగా చెప్పండి. చేయలేమని చెప్పినా ఫరవాలేదు, ఎవరిని అడగాలో మాకు తెలుస్తుంది.

మా బావ పోయాక మా అక్క వాళ్ల వీధి ఆడవాళ్లతో కూర్చుని ఒక నోట్‌బుక్ రాయించింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ ఊళ్లో చనిపోయిన ప్రతి ఒక్కరి పేరు, వయసు, ఆ రోజు ఎక్కడ పనిచేశారు, ఇంటి కప్పు ఏమిటి, చివరికి ఒళ్లు కాలిందా లేదా. పదో తరగతి చదివే మనవరాలు రాసింది. దాని జిరాక్స్ ఈ లేఖకు జత చేస్తున్నాను. వచ్చే సోమవారం అసలు నోట్‌బుక్ తీసుకుని మా అక్క, నేను గ్రీవెన్స్‌కు వస్తాం.

ఇట్లు,
సింగరాయకొండ మండలం నుంచి ఒక రిటైర్డ్ సైన్సు టీచరు